తుడిపేసిన మాటలు

మదనపల్లెలో వెబ్‌సైట్లు చేసిపెట్టేవాళ్లు ఇంకా ఉన్నా, చెప్పిన రోజుకు పని ముగించేవాడని హరీష్‌కు పేరు. బెంగళూరు బస్టాండు దారిలో మందుల షాపు మీద ఒక గది అద్దెకు తీసుకుని, శ్వేత అనే అమ్మాయిని పనిలో పెట్టుకుని నడిపేవాడు. టమాటా మండీల వాళ్లు, నర్సరీల వాళ్లు, చీరల కొట్ల వాళ్లు అతని మెట్లే ఎక్కేవాళ్లు. ముప్పై నాలుగేళ్ల మనిషి. పని చేతకాదని ఏనాడూ ఎవరితోనూ అనిపించుకోలేదు. అతనికొచ్చిన కష్టమంతా పని బాగా చేతనయినందుకే వచ్చింది.

ఆ ఏడాది ఉగాది దాటాక విజయమ్మ అనే ఆవిడ అతని దగ్గరికొచ్చింది. హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయిన మనిషి. భర్తనో భార్యనో పోగొట్టుకుని, నలభై ఐదు దాటాక మళ్లీ ఒక తోడు ఉంటే బాగుండుననుకునే వాళ్ల కోసం తన ఇంట్లోనే పరిచయ కేంద్రం పెట్టింది. ఈ వయసులో పెండ్లి మాటెత్తితే నలుగురూ నవ్వుతారని జనం ఆవిడ గడప తొక్కడానికి జంకేవాళ్లు. వెబ్‌సైటు ఉంటే ఎవరింట్లో వాళ్లు కూర్చుని, ఎవరికీ తెలియకుండా చూసుకుంటారని ఆవిడ ఆలోచన. ‘ఎవరికీ తెలియకుండా’ అన్న మాటను మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేయమంది. హరీష్ వేశాడు.

సైటులో పేర్లు లేవు, ఫొటోలు లేవు. ఒక నంబరు, వయసు, ఊరు, తమ గురించి తాము రాసుకున్న నాలుగు మాటలు, అంతే. నచ్చిన వాళ్లుంటే కింద ఫారం నింపి ‘పంపు’ అని ఉన్నచోట నొక్కాలి. అడుగున ఎక్కడో చిన్న ఇంగ్లీషు అక్షరాలలో షరతులుంటాయి. అవి హరీష్ వేరే సైటు నుంచి తెచ్చి అతికించినవి. వాటిని అతను కూడా పూర్తిగా చదవలేదు.

పని ముచ్చటగా కుదిరిందనిపించి, ఆ లింకును ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పుంగనూరులో అతని నాయన శ్రీరాములు, అన్న లోహిత్, వదిన గీత ఉంటారు. బజారులో వాళ్లది పశువుల సామాన్ల అంగడి. పగ్గాలు, పలుపులు, ముకుతాళ్లు, మెడ గంటలు అమ్ముతారు. అమ్మ పార్వతమ్మ పోయి నాలుగేళ్లయింది. అన్నా వదినా బాగుందని బొటనవేలు బొమ్మలు పంపారు. నాయన ఏమీ పంపలేదు.

మూడు నెలలు గడిచాయి. సైటుకు జనం వస్తున్నారు గానీ ఫారం పంపేవాళ్లు పదిమంది కూడా లేరు. వచ్చినవాళ్లు ఎందుకు వెనక్కి పోతున్నారో కనుక్కోమని విజయమ్మ అడిగింది. హరీష్ సైటులో రెండు చిన్న పనులు చేశాడు. మొదటిది, వచ్చిన ప్రతి మనిషికీ ఒక గుర్తు నంబరు తగిలించి, ఆ మనిషి వేలు ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, ఫారంలో ఏ అక్షరం కొట్టి ఏ అక్షరం తుడిపింది, అంతా వీడియోలాగా దాచిపెట్టే ఏర్పాటు. పంపు అని నొక్కకపోయినా సరే, రాసిందంతా ఇటు వచ్చేస్తుంది. రెండోది, ఆ మనిషి తర్వాత ఫోనులో ఎక్కడికి పోయినా, వార్తలు చూసినా వంటల వీడియో చూసినా, ఈ సైటు ప్రకటన వెంటబడి పోయే ఏర్పాటు. రెండోదాన్ని గురించి విజయమ్మకు చెప్పేటప్పుడు, మరిచిపోయినవాళ్లకు గుర్తుచేయడం లాంటిదన్నాడు. ఆవిడ సరేనంది.

అప్పుడే అతని కంట ఒక మనిషి పడ్డాడు. నంబరు నాలుగు వందల పద్దెనిమిది. రోజూ మధ్యాహ్నం రెండు దాటాక వచ్చేవాడు. ఇంకెవరినీ చూడడు. నేరుగా కుప్పం అని ఉన్న ఒకామె పేజీకి పోయి, పది నిమిషాలు అక్కడే ఉండేవాడు. ఆమె వయసు యాభై నాలుగు. ఆమె రాసుకున్నది ఇది: ‘పట్టుపురుగులు సాకుతాను. పురుగులు ఆకు తినేటప్పుడు వాన కురిసినట్టు సద్దు వస్తాది. ఆ సద్దు ఇనేదానికి పక్కన ఇంకొకరుంటే బాగుండునని ఉంటాది.’

ఆ మనిషి ఫారం తెరిచేవాడు. పేరు రాసేవాడు కాదు, ఫోను నంబరు రాసేవాడు కాదు. ‘మీ గురించి’ అన్నచోట మెల్లగా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కొట్టేవాడు. ‘నాకు కోపం తక్కువ. ఉప్పు గూడా తక్కువే తింటాను.’ అంతవరకూ రాసి, మళ్లీ వెనకనుంచి ఒక్కొక్క అక్షరమే తుడిపేసి వెళ్లిపోయేవాడు. మరునాడు ఇంకోటి రాసేవాడు.

హరీష్‌కు భలే నవ్వొచ్చింది. శ్వేతను పిలిచి చూపించాడు. విజయమ్మ వచ్చినప్పుడు ఆవిడకూ చూపించి, గాలం దాకా వచ్చిన చేప ఇదేనన్నాడు. శ్వేత మాత్రం నవ్వలేదు. తుడిపేసిన దాన్ని మనం చదవడం ఏం బాగుంటుంది సార్ అంది. పేరే లేనప్పుడు ఎవరికి నష్టమని హరీష్ అన్నాడు. ఊరు కూడా సరిగా తెలిసేది కాదు, ఈ చుట్టుపక్కల ఫోన్లన్నీ బెంగళూరనో తిరుపతి అనో చూపించేవి. ఎవరో ఒంటరి మనిషి, కొంచెం ముందుకు తోస్తే మంచే జరుగుతుందనుకున్నాడు. ఆ పేజీని మళ్లీ మళ్లీ చూసినవాళ్లకు మాత్రమే కనబడేలా ఒక ప్రకటన తనే రాసి పెట్టాడు: ‘కుప్పంలో ఒకరు మీ కోసం ఎదురుచూస్తున్నారు.’

పది రోజుల తర్వాత ఒక ఆదివారం పొద్దున, హరీష్ ఏదో పని చూసుకుంటుండగా పుంగనూరు నుంచి గీత ఫోన్ చేసింది. సంగతేమంటే, ముందు రోజు అంగడికి చౌడేపల్లె రెడ్డెప్ప వచ్చాడు. కొత్త రకం ముకుతాడు కట్టే విధం వీడియోలో చూపిద్దామని శ్రీరాములు తన ఫోను అతని చేతికిచ్చాడు. వీడియోకు ముందు ఏదో రెండో పెండ్లి ప్రకటన వచ్చింది. రెడ్డెప్ప దాన్ని అంగట్లో అందరికీ వినబడేలా చదివాడు. సాయంత్రానికి ఆ మాట బజారంతా తిరిగింది. లోహిత్‌ను టీ కొట్టు దగ్గర ఎవరో, మీకు చిన్నమ్మ ఎప్పుడొస్తాందని అడిగారట. ఇంటికొచ్చి నాయనను నిలదీస్తే, అడ్వటైజుమెంట్లు అందరికీ వస్తాయి, నేనేమన్నా అడిగి తెప్పించుకున్నానా అన్నాడట.

“నీకు తెలుస్తాది గదా, అందుకే అడుగుతాండా,” అంది గీత. “అది మామ ఫోన్లోనే వస్తాండాది. నాకు రాదు, మీ అన్నకి రాదు. యాల?”

హరీష్ స్క్రీను మీద నుంచి కన్ను తిప్పకుండానే జవాబు చెప్పాడు. రోజూ పదిమందికి చెప్పే జవాబే. “ఆ సైటుకు పొయ్యి సూసినోళ్లకే వస్తాది వదినా. ఒకసారి గాదు, మళ్లా మళ్లా సూసింటేనే.”

 అవతల కొంచెం దూరంగా లోహిత్ గొంతు వినిపించింది.

“ఇన్నావా నాయనా?”

ఫోను స్పీకరులో ఉందనీ, నాయన అక్కడే కూర్చుని ఉన్నాడనీ హరీష్‌కు అప్పుడు అర్థమయింది. కుర్చీ జరిపిన చప్పుడు, ఎవరో మెట్లు దిగిపోయిన చప్పుడు వినబడ్డాయి. ఏమి ప్రకటన అది అని అడిగాడు. గీత చదివి వినిపించింది. కుప్పంలో ఒకరు మీ కోసం ఎదురుచూస్తున్నారు.

హరీష్ తర్వాత చేస్తానని ఫోను పెట్టేసి, నాలుగు వందల పద్దెనిమిదో నంబరు మనిషి చిట్టా మొత్తం తెరిచాడు. అంతకుముందు అతను చూసింది నాలుగైదు రోజులవి మాత్రమే. అక్కడ నలభై రోజులవి ఉన్నాయి. మధ్యాహ్నం రెండు గంటలంటే అంగట్లో బేరాలుండవు, అన్న భోజనానికి పైకి పోతాడు. ఉప్పు తక్కువ తినడం అమ్మకు బీపీ వచ్చినప్పటి నుంచి. ఆమె కోసం వండిన చప్పిడి కూడే నాయన కూడా తినేవాడు. ఇవన్నీ తనకు తెలియనివి కావు. తెలిసీ, చూస్తూ కూడా గుర్తుపట్టలేదు.

మొట్టమొదటి రోజు రాసి తుడిపేసింది అన్నిటికంటే పొడుగ్గా ఉంది. ‘అమ్మా, నమస్కారం. నాది పుంగనూరు. మా ఆమె పోయి నాలుగేండ్లు. నా చిన్నకొడుకు చేసిన సైటు ఇది. అందుకే ధైర్నంగా రాస్తాండా.’

హరీష్ అది చదివి, లేచి గది తలుపు వేశాడు.

మరునాడు మధ్యాహ్నం పుంగనూరు పోయాడు. అంగట్లో నాయన ఒక్కడే ఉన్నాడు, కింద కూర్చుని పలుపుల కొసలు ముడివేస్తున్నాడు. పెద్ద ఫోను కనబడలేదు. బల్ల మీద ఎప్పటిదో పాత బటన్ల ఫోను ఉంది. హరీష్ చెప్పులు విడిచి పక్కన కూర్చున్నాడు. ఎండల గురించి, బస్సు గురించి ఏవో రెండు మాటలయ్యాక, ఆ ప్రకటన పెట్టింది తనేనని చెప్పేశాడు. వచ్చింది ఎవరో తెలియదని, తెలిసుంటే పెట్టేవాణ్ణి కాదని అన్నాడు.

“తెలియని మనిషైతే పెట్టొచ్చునా?” అన్నాడు శ్రీరాములు. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు.

హరీష్ అక్కడితో ఆపి లేచి ఉంటే, ఇద్దరి మధ్య ఉన్న కొంచెం నమ్మకమైనా మిగిలి ఉండేదేమో. దాచిపెట్టి నాయన ముఖం చూడలేననిపించి మిగిలింది కూడా చెప్పాడు.

“నువ్వు రాసింది నేను సదివినా నాయనా.”

ముడి వేస్తున్న చేతులు ఆగాయి. “నేను పంపలేదు గదా.”

“పంపకపోయినా వస్తాది.”

“తుడిపేసినా గదప్పా. ఒక్కో అచ్చరం తుడిపినా.”

“తుడిపింది గూడా వస్తాది నాయనా.”

శ్రీరాములు కొడుకు వైపు చూడలేదు. వీధిలో పోతున్న ఆటో వైపు, ఎదురు అంగడి రేకుల వైపు చూశాడు. బజారులో జనం నవ్వినప్పుడు కూడా ఆ మనిషి ముఖం అంతగా వాడి ఉండదని హరీష్‌కు తోచింది.

“ఎవురెవురు సదివినారు?”

“నేను. మా ఆఫీసులో శ్వేత. విజయమ్మగారు.”

శ్రీరాములు తల ఊపాడు. తనలో తను అనుకున్నట్టు, రాస్తే ఎట్లుంటుందో చూసుకోవడానికే రాసేవాణ్ణని చెప్పాడు. మనసులో ఉన్నది కళ్లెదురుగా అక్షరాలుగా కనబడితే కొంచెం బరువు దిగేదట. తుడిపేస్తే లేనట్టే కదా అనుకున్నాడట. పెండ్లి చేసుకోవాలని కాదు, చేసుకోకూడదని కూడా కాదు, అంతదూరం ఇంకా ఆలోచించనే లేదన్నాడు. ఇంతలో ఎవరో గంటలు కొనడానికి వచ్చారు. ఆయన లేచి, ఒక్కో గంటా వాయించి చూపించడం మొదలుపెట్టాడు. హరీష్ సాయంత్రం దాకా ఉన్నాడు గానీ ఆ మాట మళ్లీ ఎత్తడానికి నాయన చోటివ్వలేదు.

ఏదో ఒకటి చేసి సరిదిద్దాలన్న ఆరాటం హరీష్‌ను నిలవనీయలేదు. విజయమ్మ దగ్గరి జాబితాలో చూసి, కుప్పం ఆమె పేరు మునిలక్ష్మి అని తెలుసుకున్నాడు. చిరునామా రాసుకున్నాడు. పలమనేరు, వి.కోట మీదుగా బస్సులు మారి కుప్పం చేరాడు. దారి పొడుగునా చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాడు. మా నాయన మంచోడమ్మా, నలభై రోజులు మీ నాలుగు మాటలే చదివినాడు, తప్పంతా నాది, ఆయనతో ఒకసారి మాట్లాడండి అని.

ఊరి చివర ఆమె ఇల్లు, వెనక ఎకరం మల్బరీ తోట. మునిలక్ష్మి వాకిట్లో, పురుగులు గూళ్లు కట్టే వెదురు తట్టలు, చంద్రికలు, కడిగి ఎండబెడుతోంది. సన్నగా, ఎత్తుగా ఉంది. మదనపల్లె నుంచి వచ్చానని, ఆ వెబ్‌సైటు చేసింది తనేనని హరీష్ చెప్పాడు. ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. కూర్చోమనలేదు.

“నా ఇల్లు యాడుండాదో నీకెట్ల తెలిసె?” అంది.

అతను నేల చూశాడు. ఇది కూడా తను అడగకుండా తీసుకున్నదేనని అప్పుడు తట్టింది. జాబితాలో చూశానన్నాడు. ఆమె లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. అతను తాగేదాకా ఆగి, జరిగింది తనే చెప్పింది. ఆ ప్రకటన ఈ ఊళ్లో కూడా కొందరి ఫోన్లలో వచ్చిందట. కుతూహలం కొద్దీ ఆ పేజీని మళ్లీ మళ్లీ తెరిచి చూసినవాళ్ల వెంటబడిందట. యాభై నాలుగేళ్ల ఒంటరి ఆడది, పట్టుపురుగులు సాకేది అంటే కుప్పంలో ఎవరికి తెలియదు? తమ్ముడు వచ్చి అరిచి పోయాడు. తమ్ముడి కొడుకులు వారం రోజులుగా ఈ గడప తొక్కలేదు. ఆకు కోయడానికి వచ్చే ఆడవాళ్లు కూడా మూతి ముడుచుకుని నవ్వుకుంటున్నారు. ఆమె విజయమ్మకు ఫోన్ చేసి తన పేజీ తీసేయించుకుంది.

“తోడుంటే బాగుండునని రాసినా నేను,” అంది. “ఎదురు సూస్తాండానని రాయలేదు. రెండూ ఒకటి గాదు గదప్పా. అట్ల రాసింది ఎవురు?”

“నేనేనమ్మా.”

ఆమె అతన్ని తేరిపార చూసింది. తిట్టలేదు. “ఎవురన్నా అడిగినారా నా గురించి?” అంది.

దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ నాలుక చివరికి వచ్చాయి. ఒక్క పేరు చెబితే చాలు. కానీ ఆ పేరు నాయన నలభై రోజులు చెప్పకుండా దాచుకున్నది. ఆయనను అడిగి రాలేదు. అడిగితే ఒప్పుకునేవాడు కాదు.

“ఒకరు సూసినారమ్మా. రోజూ సూసినారు. పేరు సెప్పేదానికి నేను ఆయప్పను అడగలేదు.”

“అయితే సెప్పొద్దు,” అంది మునిలక్ష్మి. “ఆయప్ప సంగతన్నా బయటికి రానీయొద్దు.”

ఆమె మళ్లీ పనిలో పడింది. చంద్రికలు ఇంకా నాలుగు కడగాల్సినవి ఉన్నాయి. అతను నమస్కారం పెట్టి వచ్చేశాడు. పేరు చెప్పి ఉంటే ఏమయ్యేదో అని తిరుగు బస్సులో వి.కోట దాటేదాకా అనుకుంటూనే ఉన్నాడు. ఆ తర్వాత కూడా చాలాసార్లు అనుకున్నాడు. నోరు మూసుకోవలసిన చోట విప్పి, విప్పితే మేలు జరిగేదేమో అన్నచోట మూసుకున్నానని అతనికి అనిపించేది. రెండోది మాత్రం తప్పు కాదని తెలిసినా, దాని బాధ తగ్గలేదు.

ఆ వారమే విజయమ్మ సైటులోంచి ఆ రెండు ఏర్పాట్లూ పీకేశాడు. తన దగ్గరున్న చిట్టాలు అన్నీ చెరిపేశాడు. ప్రకటనలు నడిపే కంపెనీ దగ్గర ఉన్నవి కూడా చెరిపేయమని ఉత్తరం రాస్తే, మీ విన్నపం మాకు ఎంతో ముఖ్యమని మూడు వరుసల జవాబొచ్చింది. ఆ కంపెనీ నుంచి అవి ఇంకెవరికి పోయాయో కనుక్కోవడానికి అతనికి దారి తెలియలేదు. ఆ సంగతి విజయమ్మకు చెప్పినప్పుడు ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ‘ఎవరికీ తెలియకుండా’ అని రాయించింది నేనే కదా హరీష్ అంది. మరునాడు సైటే మూసేయించింది. హరీష్ చేసిన మిగిలిన సైట్లలోనూ ఇవే ఏర్పాట్లు ఉన్నాయి, వాళ్లను కూడా అడిగితే నలుగురు తీసేయమన్నారు. మిగతావాళ్లకు అది లేకపోతే గిట్టుబాటు కాదట. ఇద్దరు వేరే చోటికి పోయారు. శ్వేత ఎప్పుడూ నేను చెప్పాను కదా అనలేదు. అని ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

పుంగనూరులో బజారు నవ్వు నెల తిరక్కుండానే చల్లారింది. రెడ్డెప్ప మామూలుగా వచ్చి పగ్గాలు కొనుక్కుపోయాడు. లోహిత్ కూడా మెత్తబడి, నీకు ఇష్టమైతే మేమే చూస్తాం నాయనా అన్నాడట. శ్రీరాములు వద్దన్నాడు. అప్పటినుంచి ఆయన మనసులో మాట ఎవరితోనూ చెప్పడం మానేశాడు. హరీష్ ఫోన్ చేస్తే బాగుండానప్పా అని, తిన్నానప్పా అని చెప్పి గీతకు ఇచ్చేవాడు.

కార్తీక మాసంలో గీత ఒకరోజు గమనించింది, మామ గంటల డబ్బా మీద అంకె చదవలేక వేళ్లతో తడిమి చూస్తున్నాడని. ఎడమ కన్ను దాదాపు మసకబారిపోయింది. అడిగితే, దసరాకు ముందు నుంచీ అంతేనన్నాడు. ఎవరికీ చెప్పలేదు, ఫోనులో ఎక్కడా వెతకలేదు. హరీష్ వచ్చి మదనపల్లెలో కంటి ఆసుపత్రికి తీసుకుపోయాడు. ముందే వచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడు. ఆపరేషన్ చేస్తామని, చూపు ఎంత తిరిగొస్తుందో మాత్రం చెప్పలేమని అన్నాడు.

కౌంటరు దగ్గర అమ్మాయి ఫారం నింపుతూ పేరు అడిగింది, వయసు అడిగింది, ఊరు అడిగింది. శ్రీరాములు అన్నీ చెప్పాడు. ఫోన్ నంబరు అడిగితే మాత్రం లేదమ్మా అన్నాడు. మీ అబ్బాయిదైనా చెప్పండి, మెసేజీలు వస్తాయంది ఆ అమ్మాయి. హరీష్ నోరు తెరవబోయాడు. శ్రీరాములు అతని ముంజేతి మీద చెయ్యి వేసి ఆపాడు.

“నంబరు లేకపోతే కన్ను సూడరామ్మా?” అన్నాడు.

చూస్తారని ఆ అమ్మాయి అంది. ఆ గడి ఖాళీగానే వదిలేసి చీటీ చేతికిచ్చింది. తండ్రీ కొడుకులు పోయి గోడ పక్క బల్ల మీద కూర్చున్నారు. పిలుపు రావడానికి ఇంకా పదిమంది ఉన్నారు. హరీష్‌కు అడగాలని ఎన్నో ఉన్నాయి. ఒక్కటీ అడగలేదు.